పదమూడు మాటల వార్త

మా అత్తయ్య మా మావయ్యతో మాట్లాడటం మానేసి ఆ ఆదివారానికి నాలుగు నెలల ఆరు రోజులు. ఈ లెక్క నాది కాదు, మావయ్యది. ఆయన దగ్గర ఒక లాగ్ పుస్తకం ఉంది. అందులో విన్నదీ పంపిందీ మాత్రమే కాదు, ఏమీ వినపడకపోతే అదీ రాస్తాడు. "ఉదయం ఆరు ఇరవై. వంటింటి నుంచి సంకేతాలు లేవు." ఇలా నాలుగు నెలల ఆరు రోజులు రాశాడు. రాయడానికున్న ఓపిక నోరు తెరిచి ఒక్క మాట అనడానికి లేకపోయింది.

మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. అత్తయ్య టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసింది, ఆ ఆఫీసు మూతపడేదాకా. ఇద్దరిదీ ఒకే విద్య, చుక్కలూ గీతలూ. ఆయన గాల్లో పంపేవాడు, ఆవిడ తీగ మీద పంపేది. పెళ్ళయిన కొత్తలో ఒకళ్ళు ఈ గదిలోంచి, ఒకళ్ళు ఆ గదిలోంచి గోడ మీద వేలితో కొట్టుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళని మా అమ్మ నవ్వేది. అప్పట్నుంచీ అత్తయ్యది ఒకటే ఫిర్యాదు. "గీత అంటే మూడు చుక్కలంత సాగాలే. మీ మావయ్య గీతలు పొట్టివి. మనిషికి తొందరెక్కువ."

నేను వాళ్ళ పక్కనే ఉంటాను. పంపుసెట్లూ జనరేటర్లూ బాగుచేసే షాపు నాది. వాళ్ళ ప్రహరీగోడా నా షెడ్డుగోడా ఒకటే. మధ్యాహ్నం భోజనం మొదట్నుంచీ వాళ్ళింట్లోనే. అందువల్ల వాళ్ళిద్దరూ మాటలు మానేసినప్పుడు అడకత్తెరలో పోకచెక్క నేనే అయ్యాను.

భోజనాల బల్ల దగ్గర ఇద్దరి మధ్యా ఒక నీళ్ళ కూజా పట్టేంత దూరం.

"ఇంకాస్త వడ్డించాలేమో మీ మావయ్యని అడుగు," అనేది అత్తయ్య.

"చాలని చెప్పు," అనేవాడు మావయ్య.

"చాలట అత్తయ్యా."

"విన్నాను."

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "వినపడుతున్నప్పుడు మధ్యలో నేనెందుకు?" అని ఇద్దర్నీ కలిపి అడిగాను.

"రిలే స్టేషను వార్త అందించాలి. ప్రశ్నలు వేయకూడదు," అన్నాడు మావయ్య.

"ఆ ఒక్క మాటా నిజమేనని మీ మావయ్యకి చెప్పు," అంది అత్తయ్య.

ఆ నాలుగు నెలల్లో ఇద్దరూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

గొడవకి మూలం ఒక బండి. సైన్యం వాడుకుని వదిలేసిన పాత వైర్‌లెస్ ట్రక్కు. ముందు నుంచి చూస్తే లారీ, వెనక మాత్రం ఇనప గది. తలుపు తీసి మడత మెట్లెక్కితే లోపల ఒక బల్ల, బల్ల మీద గోడకి ఆనించి పేర్చిన రేడియో సెట్లు, వాటి ముందు ఒక మనిషి కూర్చునే చోటు. పక్క అరలో కరెంటు పుట్టించే చిన్న ఇంజను. పైకి విప్పి నిలబెట్టే స్తంభం, దాని మీద ఏరియల్. సైన్యం ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, స్తంభం లేపి, వార్తలు పంపడం దాని ఉద్యోగం. మావయ్య పదేళ్ళు ఇలాంటి బండిలోనే కూర్చున్నాడు. ఇలాంటి దాంట్లో కాదు, దీంట్లోనే. పాత బండ్ల యార్డులో నంబరు చూసి గుర్తుపట్టి, తప్పిపోయిన పిల్ల దొరికినట్టు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.

అత్తయ్య రెండు రోజులు చెల్లెలి ఊరు వెళ్ళినప్పుడు ఆయన ఆ బండిని ఇంటికి తెచ్చాడు. గేటులో పట్టలేదు. గేటు పీకించాడు. అది సరే, గేటు మళ్ళీ పెట్టుకోవచ్చు. లోపలికి వచ్చాక జామచెట్టు అడ్డమొచ్చింది. దాన్ని నరికించాడు.

ఆ చెట్టు సంగతి చెప్పాలి. టెలిగ్రాఫ్ ఆఫీసు మూసేసిన రోజు అక్కడివాళ్ళు తలా ఒక గుర్తు పట్టుకెళ్ళారు. ఒకాయన గోడ గడియారం, ఒకావిడ బల్ల మీది గంట. అత్తయ్య ఆఫీసు వెనకనున్న జామచెట్టు మొదట్లోంచి ఒక పిలక తవ్వి, తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చుకుంది. ఇరవై ఆరేళ్ళు ఆ నీడలో టీ తాగిన మనిషి. పిలక ఇంట్లో చెట్టయింది. సాయంత్రం దాని కింద కుర్చీ వేసుకుంటే ఆవిడ ఇంకా డ్యూటీలో ఉన్నట్టే ఉండేది. మావయ్యకి ఇదంతా తెలుసు, కానీ గొడ్డలి పెట్టేటప్పుడు తట్టలేదు. తన ఉద్యోగాన్ని వాకిట్లోకి తెచ్చుకోవడానికి ఆవిడ ఉద్యోగాన్ని నరికేశాడు. నేనైతే నాలుగు నెలలతో వదిలేదాన్ని కాదు.

ఊరి నుంచి వచ్చిన అత్తయ్య మొద్దుని చూసింది, దాని మీదుగా నిలబడిన బండిని చూసింది, నన్ను చూసింది. మావయ్యని చూడలేదు.

"ఈ సవతి ఎప్పుడొచ్చిందో మీ మావయ్యని అడుగు," అంది. ఆ రోజు నుంచీ మా ఇళ్ళలో బండి పేరు సవతి.

మావయ్య చేతులు ముడుచుకు కూర్చున్నాడా అంటే అదీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు, అవీ దురదగొండి ఆకులు. ముందు, బండికి వేయగా మిగిలిన సైనికుల ఆకుపచ్చ రంగు తెచ్చి వంటింటి తలుపుకి పూశాడు. లోపల అత్తయ్య ఉంది. తలుపు ఆరేదాకా బయటికి రాలేకపోయింది. తర్వాత జామ మానులోంచి ఒక దుంగ కోయించి, మూడు కాళ్ళు బిగించి, నున్నగా చిత్రిక పట్టి స్టూలు చేశాడు. బండిలో ఆపరేటరు సీటు ఎప్పుడో ఊడిపోయింది. అక్కడ ఈ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చెట్టుని గౌరవించానని ఆయన ఉద్దేశం.

"చంపింది చాలక మీదెక్కి కూర్చున్నాడా అని మీ మావయ్యని అడుగు," అంది అత్తయ్య.

ఆ వార్త నేను అందించలేదు. రిలే స్టేషనుకీ మనసుంటుంది.

ఆ ఆదివారానికి ముందు బుధవారం, భోజనాల దగ్గర, అత్తయ్య కూజాలోంచి నీళ్ళు వంపుకుంటూ మామూలు గొంతుతో అంది. "ఆదివారం పన్నెండున్నర బస్సుకి మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానని మీ మావయ్యకి చెప్పు. తిరుగు టికెట్టు తీసుకోలేదని కూడా చెప్పు."

మావయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను ఆయన మొహంలోకి చూశాను. ఇప్పుడైనా అంటాడు, అనాలి, అనకపోతే మనిషి కాడు అనుకున్నాను.

"అందిందని చెప్పు," అన్నాడు.

చెయ్యి కడుక్కుని బండిలోకి వెళ్ళి కూర్చున్నాడు. నేను వెనకే వెళ్ళి ఆ ఇనప గదిలో ఆయన్ని కడిగేశాను. పెద్దాయన, మేనమామ అని కూడా చూడలేదు.

"ఒక్క మాట మావయ్యా! తప్పయిందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోతుంది?"

"నోటితో అంటే దానికి లెక్కేముంటుందే? ఏం పంపామో ఏం అందిందో ఎవరికి తెలుసు?" అన్నాడు, సెట్టు మీద లేని దుమ్ము తుడుస్తూ. "వార్తంటే పైన ఎవరి నుంచి, ఎవరికి, ఎన్ని మాటలు అని ఉండాలి. అందుకున్నవాళ్ళు మాటలు లెక్కపెట్టుకోవాలి. సరిపోతేనే వార్త అందినట్టు. తక్కువైనా ఎక్కువైనా మళ్ళీ పంపాలి. మీ అత్తయ్య ఆఫీసులోనూ ఇదే పద్ధతి."

"అయితే రాసివ్వు."

"రాశాను." చొక్కా జేబు తట్టాడు. "పదమూడు మాటలు. కొట్టేసి కొట్టేసి నాలుగు నెలలకి పదమూడుకి వచ్చింది."

"మరి ఇచ్చి చావచ్చుగా!"

"అవతలి స్టేషను మూసుంది. మూసిన స్టేషనుకి వార్త పంపకూడదు," అన్నాడు. జేబు మీద పెట్టిన చెయ్యి తీయలేదు. నాకు ఇంక తిట్టబుద్ధి కాలేదు. కానీ ఆ పద్ధతిని కనిపెట్టినవాడు ఎదురుపడితే మాత్రం స్పానరు విసిరేదాన్ని.

ఆ ఆదివారమే పాత వాహనాల ప్రదర్శన. పదకొండింటికి మైదానంలోంచి మావయ్య బండి వార్త పంపాలి, పన్నెండు మైళ్ళ అవతల కొండ మీద ఆయన స్నేహితుడు ఇంకో సెట్టుతో అందుకుని జవాబివ్వాలి. ఆ స్నేహితుడు కూడా పాత ఆపరేటరే. ఒకసారి మొదలుపెడితే ఆపడు కాబట్టి అందరూ ఆయన్ని మితభాషి గారంటారు. ఆయన నోటితో చెప్పే జవాబు జనానికి వినపడేలా బండి మీద ఒక పెద్ద లౌడ్‌స్పీకరు కట్టాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మావయ్య ఇంట్లో ఓడిపోయి రచ్చకి బయల్దేరాడు.

బండి నేనే నడిపాను. మైదానంలో మాకిచ్చిన చోట ఆపి, స్తంభం నిలబెట్టి, పక్క అరలో ఇంజను తాడు లాగి స్టార్టు చేశాను. ఇక పరీక్ష. మావయ్య దగ్గర ఇరవై రెండు పనుల పట్టీ ఉంది. ఆయన లోపల్నుంచి ఒక్కోటీ చదవాలి, నేను చేసి "అయింది" అనాలి.

అందులో ఒక పని బల్బుది. సెట్టు పంపే శక్తి ఏరియల్‌లోకి పోతే కంటికి కనపడదు. అందుకని పరీక్షప్పుడు దాన్ని గాల్లోకి వదలకుండా ఇంట్లో వాడే మామూలు బల్బులోకి పంపుతారు. చుక్కలూ గీతలూ కొట్టే మీటని కీ అంటారు. అది నొక్కితే బల్బు వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. వెలుగు నిలకడగా ఉంటే సెట్టు బాగున్నట్టు. ఇంజను వేగం సరిచేసేది నేను కాబట్టి, నాకు కనపడాలని బల్బుని పొడుగు తీగతో బండి వెనక తలుపు పక్కన, లోపలి కొక్కేనికి వేలాడదీశాం. అది మావయ్య వీపు వెనక ఉంటుంది.

ఆ పొద్దున బల్బు ముచ్చటగా వెలిగింది.

"పదిహేడు. బల్బు తీగ తీసి ఏరియల్ తీగ తగిలించాలి," అని మావయ్య చదివాడు.

నేను చెయ్యి చాచేలోపు ప్రదర్శన సెక్రటరీ గారు ఊడిపడ్డారు. ఆయన చేతిలో మైకు, వెనక ఫొటోగ్రాఫరు. "మీరిద్దరూ ఇటు తిరగండి. నవ్వండి. అమ్మా, ఆ నూనె చెయ్యి కనపడకుండా." నూనె చెయ్యి కనపడకుండా ఎలా నవ్వాలో నాకు తెలీలేదు. నాలుగు ఫొటోలు తీసి, మా బండి గురించి మైకులో మూడు అబద్ధాలు చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

"పదిహేడు?" అన్నాడు మావయ్య.

"అయింది," అన్నాను నేను.

అవలేదు. చిరాకులో అలవాటుగా అనేశాను. ఆ తప్పు నాది, ఎవరి మీదికీ నెట్టను. ఇరవై ఏళ్ళుగా జనరేటర్లు బాగుచేస్తూ, తీగ తగిలించారా లేదా చూసుకోరేమని ఊళ్ళో అందర్నీ తిట్టే నోరు ఇది.

పదకొండయింది. బండి చుట్టూ జనం. మావయ్య చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, జామ స్టూలు మీద నిటారుగా కూర్చుని కీ మీద చెయ్యి వేశాడు. బల్బు టకటకా వెలిగి ఆరుతోంది. నేను ఇంజను పక్కన నిలబడి దాన్నే చూస్తున్నాను. ఎంత నిలకడగా వెలుగుతోందో! నా పనితనానికి నాకే ముచ్చటేసింది. అసలు వార్త పంపేటప్పుడు బల్బు వెలగకూడదన్న ఆలోచన నా బుర్రకి రాలేదు. నాలుగు నెలలుగా ఆ బల్బు వెలగడమే మాకు శుభవార్త. వెలుగుతుంటే ఎవరైనా అనుమానిస్తారా?

కొండ మీంచి జవాబు లేదు. మావయ్య మళ్ళీ పంపాడు. లౌడ్‌స్పీకరు గురకపెట్టింది. మూడోసారి పంపాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. పదకొండున్నరకి సెక్రటరీ గారు "కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని మైకులో మొదలుపెట్టారు. అవతల ఎవరో పాత ఫైరింజను గంట మోగించారు. జనం అటు వెళ్ళిపోయారు.

మావయ్య హెడ్‌ఫోన్లు తీయలేదు. బల్ల మీది గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన చూస్తున్నది కొండ మీది జవాబు కోసం కాదని నాకు తెలుసు. పన్నెండున్నర బస్సుకి ఇంకెంత టైముందో చూస్తున్నాడు. ఇంజను ఆపమంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.

పన్నెండు దాటాక అత్తయ్య వచ్చింది. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో తాళంచెవి. బస్టాండు మైదానం పక్కనే. బండికేసి చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"తాళంచెవి మీ మావయ్యకిచ్చేయ్. వెనక తలుపు గడియ సరిగ్గా పడదు, ఎత్తిపట్టి వేయమను. బీపీ మాత్రలు అలమారలో..."

అక్కడ ఆగిపోయింది. నా భుజం మీదుగా బండిలోకి చూస్తోంది. నేనూ తిరిగి చూశాను. మావయ్య మళ్ళీ కీ పట్టుకున్నాడు. ఈసారి తొందర లేదు. చొక్కా జేబులోని కాగితం తీసి బల్ల మీద పెట్టుకుని, నెమ్మదిగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి పంపుతున్నాడు. ఎవరికీ అందదని తెలిశాక ఆ మనిషికి ధైర్యం వచ్చింది. కాగితం మీంచి తల ఎత్తడం లేదు. ఆయన వెనక చీకట్లో బల్బు వెలిగి ఆరుతోంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ష్."

ఆవిడ పెదాలు కదులుతున్నాయి. తాళంచెవి పట్టుకున్న చేతి వేలు బల్బుతో పాటే పెట్టె మీద టకటకా కొడుతోంది. నాకు ఆ చుక్కలూ గీతలూ రావు. నాకు కనపడింది వెలుగుతున్న బల్బూ, దాన్ని చదువుతున్న మా అత్తయ్యా. కాసేపటికి ఆవిడ పైకే చదవడం మొదలుపెట్టింది, ఆఫీసులో పక్క గుమాస్తా రాసుకోవడానికి చదివినట్టు.

"సిగ్నల్స్ బండి నుంచి. హెడ్ టెలిగ్రాఫిస్టుకి. మాటలు పదమూడు." ఒక అడుగు ముందుకేసింది. "జామచెట్టు నరికింది నేనే. నిన్ను అడగలేదు. అది నీ ఆఫీసని నాకు తట్టలేదు. తప్పు నాది. క్షమించు."

బల్బు ఆరింది. అత్తయ్య అలాగే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. బల్బు మళ్ళీ వెలిగింది, కొంచెం తడబడుతూ.

"వెళ్ళకు," అని చదివింది అత్తయ్య.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి నూనె చేత్తో మొహం తుడుచుకున్నాను. మిగతా రోజంతా ఆ మొహంతోనే తిరిగానని తర్వాత ఎవరో చెప్పారు.

అత్తయ్య పెట్టె నా చేతిలో పెట్టి, కొంగు బిగించి, మడత మెట్లెక్కింది. నాలుగు నెలల్లో సవతి గడప తొక్కడం అదే మొదటిసారి. మావయ్య భుజం మీద వేలితో రెండు సార్లు కొట్టింది. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. చెవుల మీంచి హెడ్‌ఫోన్లు జారాయి.

నాలుగు నెలల ఆరు రోజుల తర్వాత మా అత్తయ్య మా మావయ్యతో అన్న మొదటి మాట ఇది.

"బల్బు."

"ఆఁ?"

"బల్బండీ! తీగ ఇంకా బల్బుకే ఉంది. పొద్దుట్నుంచీ కొండకి కాదు, బల్బుకి పంపుతున్నారు."

మావయ్య వెనక్కి తిరిగి బల్బుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ఇంజనులో ఏదో వెతుక్కున్నాను.

"అయితే ఎవరికీ అందలేదన్నమాట," అన్నాడు. అందుకు సంతోషించాలో ఏడవాలో ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఎవరికీ అందకపోతే నేనెందుకెక్కాను?"

అత్తయ్య బల్ల మీది కాగితం తీసుకుంది. మాట మాటకీ గోటితో గీత పెడుతూ లెక్కపెట్టింది.

"పదమూడన్నారు."

"అవును. పదమూడే."

"పద్నాలుగొచ్చాయి."

"ఎలా వస్తాయే!" ఉద్యోగం మాటొచ్చేసరికి ఆయనకి గొంతు వచ్చింది. "నాలుగు నెలలు లెక్కపెట్టాను. పదమూడు."

"కాగితంలో పదమూడే. నేను అందుకున్నవి పద్నాలుగు. ఆఖర్న 'వెళ్ళకు' అని వచ్చింది. అది ఇందులో లేదే?"

మావయ్య తల దించుకున్నాడు. "లేదు."

"మరెక్కడిది?"

"చెయ్యి పంపేసింది," అన్నాడు మెల్లిగా. "నేను పంపలేదు. గడియారం చూశాను. చెయ్యి పంపేసింది. లెక్క తప్పింది. కొట్టేయమంటావా?"

అత్తయ్య కాగితాన్ని బల్ల మీద పరిచింది. ఆవిడకి ముందు పదమూడు మాటల మీద నమ్మకం ఉండి ఉండదు. నాలుగు నెలలు చెక్కిన మాటలు అవి, తలుపు రంగులాగే, స్టూలులాగే. పద్నాలుగోది మాత్రం ఆయన చేతిలోంచి జారింది. బల్ల మీది పెన్సిలు తీసి పదమూడుని కొట్టేసి, పైన పద్నాలుగు అని వేసింది.

"లెక్క సరిచేశాను. మళ్ళీ పంపండి. ఈసారి కొండకి."

"కొండకా? వాడు పద్ధతి ప్రకారం తిరిగి చదువుతాడే! లౌడ్‌స్పీకరు ఉంది. మైదానం మైదానమంతా వింటుంది."

"చెట్టు కొట్టినప్పుడు వీధి వీధంతా చూసింది. ఇదీ వినాలి. ఏమే, ఆ తీగ మార్చే పని నువ్వు చేస్తావా, నన్ను చేయమంటావా?"

చేశాను. బల్బు తీగ తీశాను, ఏరియల్ తీగ తగిలించాను. లౌడ్‌స్పీకరులో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. "హలో హలో హలో, గంట పైనుంచి అరుస్తున్నా, వినపడుతోందా, బతికే ఉన్నావా, ఇక్కడ గాలికి నా టోపీ..." అని మితభాషి గారు కొండ మీంచి దంచుతున్నారు. ఫైరింజను దగ్గరున్న జనం తలలు తిప్పారు.

మావయ్య కీ పట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. పంపడం అయ్యాక లౌడ్‌స్పీకరు ఒక క్షణం మూగబోయింది.

"ఏదో చెట్టు నరికారని వచ్చింది," అన్నారు మితభాషి గారు మైదానానికంతటికీ. "ఎవరు నరికారో తెలియలేదు. నీ గీతలు ఎప్పుడూ పొట్టివే. మళ్ళీ పంపు."

"నేను చెప్పలేదూ?" అంది అత్తయ్య నావైపు తిరిగి. తర్వాత ఆయనతో అంది. "లేవండి."

మావయ్య లేచాడు. అత్తయ్య ఆ స్టూలు కేసి చూసింది. అరచేత్తో ఒకసారి నిమిరింది. చీర సర్దుకుని దాని మీద కూర్చుంది. కీ మీద చెయ్యి వేసే ముందు వేళ్ళు రెండు సార్లు విదిలించింది, ఆఫీసులో పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు చేసేదట అలాగ.

తీరిగ్గా, సాగాల్సినచోట సాగదీసి, ఆయన క్షమాపణ మొత్తం ఆవిడే పంపింది. మావయ్య పక్కన నిలబడి ఒక్కో మాటకీ ఒక్కో వేలు ముడిచాడు. పది వేళ్ళూ అయిపోయాయి, మళ్ళీ మొదలుపెట్టాడు. పదమూడో వేలు దగ్గర ఆగి ఆవిడ చేతికేసి చూశాడు. ఆవిడ ఆగలేదు. పద్నాలుగోదీ పంపింది.

"ఎవరిదా చెయ్యి!" అంది లౌడ్‌స్పీకరు. "అబ్బ, ముత్యాలు! తిరిగి చదువుతున్నాను. జామచెట్టు నరికింది నేనే..."

మితభాషి గారు మొత్తం చదివారు. ఫైరింజను వాళ్ళు, సెక్రటరీ గారు, ఫొటోగ్రాఫరు, అందరూ విన్నారు. "...వెళ్ళకు. పద్నాలుగు మాటలు. లెక్క సరిపోయింది."

మైదానం పక్కన పన్నెండున్నర బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళింది. అత్తయ్య తల ఎత్తలేదు. లాగ్ పుస్తకం దగ్గరికి లాక్కుని టైము వేస్తోంది.

మైదానం నుంచి వచ్చి మళ్ళీ వాకిట్లోనే నిలబడ్డ సవతిని మర్నాడే అక్కణ్ణుంచి కదిపాం. ప్రదర్శన హడావుడిలో చూసుకోలేదు గానీ, కిందున్న మొద్దుకి ఎండ లేక పాలిపోయిన చిగుళ్ళు నాలుగు వచ్చి ఉన్నాయి. బండి ఇప్పుడు నా షెడ్డులో ఉంది. షట్టరు సగమే తెరుచుకుంటుంది, పంపుసెట్లన్నీ వీధిలో పెట్టుకుని బాగుచేస్తున్నాను. నా షెడ్డు ఇస్తావా అని నన్నెవరూ అడగలేదు. నా షెడ్డే ఎందుకని మొన్న భోజనాల దగ్గర అడిగాను.

"రిలే స్టేషను ప్రశ్నలు వేయకూడదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే, ఒకళ్ళకొకళ్ళు వడ్డించుకుంటూ.